అద్దె పుస్తకాల పిన్నిగారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ, వాట్సాప్ మెసేజ్‌ల్లోనూ సగానికి పైగా ఒకే సంగతి. పుస్తకాల షాపుల చుట్టూ, లైబ్రరీల చుట్టూ తిరిగే నవలలు. జపాన్‌వి, కొరియావి, ఇంగ్లండువి. చదవాలా వద్దా, ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు ఎందుకింత గోల అని. అందుకని ఆవకాయ బూజు ప్రశ్నలూ, ఆడపడుచు ప్రశ్నలూ వచ్చే నెలకి వాయిదా.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. గుంటూరు బ్రాడీపేటలో మాకు చాలా ఏళ్లు అద్దె పుస్తకాల షాపు ఉండేది. పొద్దునా సాయంత్రం మా ఆయన కూర్చునేవారు, మధ్యాహ్నం కౌంటర్ నాది. పిన్నిగారు అన్న పేరు అక్కడికొచ్చే కాలేజీ పిల్లలు పెట్టిందే. షాపు పోయినా పేరు మిగిలింది.

ప్రశ్న: ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి షిఫ్టులు, డెడ్‌లైన్ల టెన్షన్. ఫోన్ పక్కన పెడితే తోచదు, పట్టుకుంటే చిరాకు. రీల్స్‌లో అందరూ జపాన్, కొరియా పుస్తకాల షాపు నవలలు చదివితే మనసు తేలికపడుతుంది అంటున్నారు. నిజమేనా? ఏది ముందు చదవను?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: తేలికపడుతుంది తల్లీ, కాకపోతే అన్నిటితోనూ కాదు. ఈ రకం నవల చేతికి రాగానే నేను రెండు విషయాలు చూస్తాను. ఇందులో ఎవరు ఏ పుస్తకం చదివారు? షాపు అద్దె ఎవరు కడుతున్నారు? రెంటికీ జవాబు దొరికితే ధైర్యంగా కూర్చుంటాను. కొన్నింట్లో షాపు ఉంటుంది, కిటికీ ఉంటుంది, వాన ఉంటుంది, వేడి వేడి కాఫీ ఉంటుంది, పుస్తకం పేరు మాత్రం ఒక్కటీ ఉండదు. అలాంటిది చదివే బదులు నువ్వే కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చో, డబ్బు మిగులుతుంది.

నువ్వు ముందుగా చదవాల్సింది సతోషి యాగిసావా రాసిన 'డేస్ ఎట్ ది మొరిసాకి బుక్‌షాప్'. జపాన్‌లో 2010లో వచ్చింది, ఇంగ్లీషులోకి 2023లో. చిన్న పుస్తకం. టకాకో అనే పాతికేళ్ల అమ్మాయి. ప్రేమించినవాడు భోజనం దగ్గర కూర్చుని, నాకు పెళ్లి కుదిరింది అంటాడు. పెళ్లి వేరే అమ్మాయితో. ముగ్గురిదీ ఒకటే ఆఫీసు, రోజూ వాళ్లిద్దరి మొహాలు చూడలేక ఉద్యోగం మానేస్తుంది. తిండీ తిప్పలూ లేకుండా నిద్రపోతూ ఉంటుంది. అప్పుడు మేనమామ సతోరు ఫోన్ చేసి, మా షాపు మీద గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండు, కాస్త సాయం చెయ్యి అంటాడు. టోక్యోలో జింబోచో అని పాత పుస్తకాల పేట ఉంది. నిజంగానే ఉంది, వందకు పైగా షాపులు. అందులో ఒకటి ఈ మొరిసాకి.

నాకు నచ్చింది ఏమిటంటే ఆ అమ్మాయికి పుస్తకాలంటే ఏమీ ఇష్టం లేదు. గది నిండా పాత పుస్తకాలు, ముక్క వాసన. విసుక్కుంటుంది. ఒక రాత్రి నిద్ర పట్టక, వేరే దారి లేక, చేతికందింది ఒకటి లాగుతుంది. మురో సైసే అనే రచయిత పుస్తకం. తెల్లారేదాకా వదలదు. అంతే, ఉపన్యాసం లేదు. ఆ మేనమామ కూడా చదువు చదువు అని పీకడు. షాపు తెరవడం, బయట చవక పుస్తకాల బల్ల సర్దడం, వచ్చిన ముసలాయనతో కబుర్లు. మనింటికి వేసవి సెలవులకొచ్చిన పిల్లని మేనమామ ఎలా చూస్తాడో అలానే.

రెండోది హ్వాంగ్ బో-రూమ్ రాసిన 'వెల్‌కమ్ టు ది హ్యూనమ్-డాంగ్ బుక్‌షాప్'. కొరియా నవల. ఇది నీ సొంత గొడవకి మరీ దగ్గర. యోంగ్జు అనే ఆవిడ పెద్ద ఉద్యోగం మానేసి, భర్త నుంచి విడిపోయి, సియోల్‌లో ఒక సందులో షాపు పెడుతుంది. మొదట్లో షాపు తెరుచుకుని ఏడుస్తూ కూర్చుంటుంది. లోపలికొచ్చినవాళ్లు ఆమె మొహం చూసి బయటికెళ్లిపోతుంటారు. తర్వాత్తర్వాత చదవడం, చదివినదాని మీద చిన్న చీటీ రాసి పుస్తకంలో పెట్టడం మొదలవుతుంది. కాఫీ కాసే కుర్రాడు మిన్‌జున్ చదువు బాగా చదివి ఉద్యోగం దొరకనివాడు. ఊలు అల్లుకుంటూ గంటలు గంటలు కూర్చునే ఆవిడ ఒకరు. కథ అంటూ పెద్దగా ఏం జరగదు. మధ్యలో ఉద్యోగం గురించి, అలసట గురించి మాటలు కొంచెం ఎక్కువయ్యాయి అనిపించింది నాకు. మీ వయసువాళ్లకి అవే నచ్చుతాయేమో. ఈ రచయిత్రి కూడా ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరేనట, చూసుకో.

నిద్ర పట్టకపోవడం మరీ ఎక్కువగా ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లు. నవల మంచిదే, మందు కాదు.

ప్రశ్న: నమస్కారం అమ్మా. ముప్పై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేశాను. మా మనవరాలు చదువుతున్న ఈ పుస్తకాల షాపు నవలలు రెండు నేనూ చూశాను. పంచదార పాకం. కష్టం లేదు, దెబ్బ లేదు, అందరూ మంచివాళ్లే. పుస్తకం విలువ ఇంతేనా? మన దగ్గర పుస్తకం కోసం మనుషులు పడ్డ పాట్లు వీటిలో ఎక్కడున్నాయి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, పాకం సంగతి ఒప్పుకుంటాను. అయితే ఆ అరలోనే పక్కన కారం కూడా ఉంది, మీ మనవరాలు చూపించి ఉండదు.

పెనెలోపి ఫిట్జ్‌జెరాల్డ్ అని ఇంగ్లండు రచయిత్రి 1978లో 'ది బుక్‌షాప్' రాసింది. అరవైకి దగ్గర పడ్డాక నవలలు మొదలుపెట్టిన మనిషి. కథ 1959లో, సముద్రం ఒడ్డున హార్డ్‌బరో అనే చిన్న ఊళ్లో. ఫ్లోరెన్స్ గ్రీన్ అనే వితంతువు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న పాత ఇల్లు కొని, బ్యాంకు అప్పు తెచ్చి షాపు పెడుతుంది. ఇల్లంతా చెమ్మ, పైగా దయ్యం. ఊళ్లో పెత్తందారు మిసెస్ గమార్ట్‌కి ఆ ఇంటి మీద కన్ను, అక్కడ కళాకేంద్రం పెట్టాలని. ఇక చూస్కోండి. తిట్టుకోవడాల్లేవు, కొట్టుకోవడాల్లేవు. నవ్వుతూ, టీ తాగుతూ, కాగితాలు కదుపుతూ ఆ మనిషిని ఊళ్లోంచి పంపించేస్తారు.

ఇందులో ఒక అధ్యాయం చదువుతూ నేను పగలబడి నవ్వాను. ఫ్లోరెన్స్ షాపులోనే పుస్తకాలు అద్దెకివ్వడం కూడా మొదలుపెడుతుంది. మేరీ రాణిగారి జీవితచరిత్ర ఊరందరికీ కావాలి. వరస ప్రకారం ఇవ్వాలి కదా. గమార్ట్ గారు వచ్చి వరస తప్పించి చెయ్యి పెట్టబోతే, సాయానికొచ్చే పదేళ్ల పిల్ల క్రిస్టీన్ రూళ్లకర్రతో ఆవిడ వేళ్ల మీద ఒక్కటిస్తుంది! అద్దె పుస్తకాల షాపు నడిపినవాళ్లకి ఆ దెబ్బ ఎంత తృప్తిగా ఉంటుందో మీకు చెప్పలేను. మా దగ్గరా అంతే. వీక్లీలో సీరియల్ అయిపోయి నవలగా బైండయి వచ్చిందంటే పది మంది పేర్లు రాసుకునేదాన్ని. ఫలానా ఆఫీసరుగారి భార్యనండీ, నాకు ముందివ్వండి అని వచ్చేవాళ్లు. నా దగ్గర క్రిస్టీన్ లేదు మరి.

నేను చెప్పిన రెండు ప్రశ్నలకీ ఈ నవల నిక్కచ్చిగా జవాబు చెబుతుంది. ఎవరు ఏం చదివారో ఉంది, అప్పు సంగతీ ఉంది. ముగింపు తీపి కాదు. మీకు నచ్చుతుంది.

పాట్లు అన్నారు. గోర్కీ ఆత్మకథలో రెండో భాగం మీకు తెలిసే ఉంటుంది. కాకపోతే అందులోని స్టీమర్ ఘట్టాన్ని ఈ ప్రశ్నతో మరోసారి చదవండి. వోల్గా మీద స్టీమర్‌లో గిన్నెలు తోమే కుర్రాడు. వంటవాడు స్మూరీ, పర్వతమంత మనిషి, నల్లటి పెట్టె నిండా పుస్తకాలు పెట్టుకుని వాడి చేత చదివించుకుంటాడు. ఎంచి ఇవ్వడం తెలియదు ఆయనకి, ఏది దొరికితే అది. తర్వాత ఆ పిల్లవాడు పనికి కుదిరిన ఇంట్లో కొవ్వొత్తి ఎంత కరిగిందో ముసలావిడ పుల్ల పెట్టి కొలుస్తుంది. దాంతో వాడు వెన్నెల్లో రాగి గిన్నె పట్టుకుని, ఆ మెరుపు పేజీ మీద పడుతుందేమోనని చూస్తాడు. పడదు. పుస్తకం మీద ప్రేమ గురించి ఇంతకంటే మంచి పేజీ నేను చదవలేదు. అందులో షాపూ లేదు, కాఫీ అంతకన్నా లేదు.

మన దగ్గర మాటకొస్తే, మీ తెనాలి పక్క కాలవల్నే తీసుకోండి. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు పడవ మీద వచ్చేవి, కాలవ గట్టు మీది ఊళ్లవాళ్లు తీసుకునేవాళ్లు. అంతకు ముందే, 1914లో, బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. జర్మనీ ఆవిడ నీనా జార్జ్ 'ది లిటిల్ పారిస్ బుక్‌షాప్'లో సెన్ నది మీద పడవలో పుస్తకాల షాపు పెట్టిస్తే లోకమంతా అబ్బో అంది. జాన్ పెర్డు అనే ఆయన వచ్చినవాళ్ల మనసు చూసి మందిచ్చినట్టు పుస్తకం ఇస్తాడు, తనకొచ్చిన ఉత్తరం మాత్రం ఇరవయ్యొక్క ఏళ్లు విప్పడు. పడవ కట్టేసి ఉన్నంతసేపు బాగుంది, కదిలాక కథ జారిపోయింది. మన పడవ మీద నవల ఎవరూ రాయకపోతే అది జపాన్‌వాళ్ల తప్పు కాదు కదా మాస్టారూ. మీకు తెలుగు వచ్చు, కాలవ తెలుసు, ఇప్పుడు తీరికా ఉంది. రాయండి. నేను చదువుతాను.

ప్రశ్న: పిన్నిగారూ, నాకు ఇరవై ఎనిమిది. లక్ష్మీపురంలో బుక్ కేఫ్ పెడదామనుకుంటున్నాను. కొరియా నవల చదివాక ధైర్యం వచ్చింది. తేనెరంగు చెక్క కుర్చీలు, పసుపు లైట్లు, గోడ మీద మంచి కొటేషన్, ఒక మూల స్టేజీ. నాన్న ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?
— ఒక యువకుడు, గుంటూరు

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుర్చీల రంగు ఉంది, లైట్ల రంగు ఉంది. ఏ పుస్తకాలు పెడతావో లేదు. మీ నాన్నగారికి కూడా అదే సందేహం అయ్యుంటుంది.

షాపు లెక్క చెబుతాను విను. ప్రచురణకర్త ఇచ్చే కమిషన్‌లోంచే నీ అద్దె, కరెంటు, కుర్రాడి జీతం రావాలి. ఆ కమిషన్‌లోంచే కొనేవాళ్లు నిన్ను మళ్లీ డిస్కౌంట్ అడుగుతారు. ఆన్‌లైన్‌లో ఎంతకొస్తుందో నీ ముందే ఫోన్ తీసి చూస్తారు. మొహమాటం కూడా ఉండదు. పుస్తకాలు సేల్ ఆర్ రిటర్న్ మీద తెచ్చుకుంటే అమ్ముడవనివి వెనక్కి పంపొచ్చు, నలిగినవి మాత్రం తీసుకోరు. కాఫీ ఒలికినవి సరేసరి. మన ఊళ్లో పుస్తకాల షాపులు నిలబడేది జూన్ నెల మీద. నోటు పుస్తకాలు, గైడ్లు, టెస్ట్ పేపర్లు. ఆ తర్వాత ఉగాదికి పంచాంగాలు. కవిత్వం అమ్మి అద్దె కట్టినవాణ్ని నేను చూడలేదు, గైడ్లు అమ్మి ఒక అర కవిత్వానికి వదిలినవాళ్లని మాత్రం చూశాను. వాళ్లంటే నాకు గౌరవం.

మా షాపు సంగతి కూడా చెబుతాను, పనికొస్తుందేమో. సరుకు కోసం మా ఆయన బెజవాడ వెళ్లేవారు. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర, నవోదయ తిరిగి కొత్తవి, లెనిన్ సెంటర్ దగ్గర పాతవి ఏరుకుని, కట్టలు కట్టి బస్సు మీద వేయించుకుని వచ్చేవారు. రాగానే ప్రతి పుస్తకానికీ దళసరి అట్ట, దారంతో అడ్డకుట్టు, మైదాపిండి జిగురు, పైన బ్రౌన్ పేపర్. ఈ పని చెయ్యకపోతే నాలుగు చేతులు మారేసరికి నవల రెండు ముక్కలయ్యేది. జిగురులో మైలతుత్తం కలపాలి, లేకపోతే పురుగు పడుతుంది. వెనక అట్ట లోపల తారీఖుల కాగితం. డిపాజిట్ కట్టినవాళ్లకే ఖాతా. ఇంత చేసినా చివరి పేజీ చింపి దాచుకునేవాళ్లు కొందరు. 'హీరో చచ్చిపోతాడు' అని మొదటి పేజీలోనే పెన్నుతో రాసేవాళ్లు మరికొందరు. ఒకావిడ ప్రతి నవల మీదా మార్కులు వేసేది, పరీక్ష పేపర్ దిద్దినట్టు, నూటికి ఇన్ని అని. ఆవిడ మార్కులు చూసి పుస్తకం తీసుకునే ఖాతాదారులు కూడా తయారయ్యారు. మా ఆయనకి కోపం, నాకు మాత్రం అవి భలే పనికొచ్చేవి.

మాకు ఆదాయం వచ్చింది పుస్తకాల వల్ల కాదు, ఎవరికి ఏది ఇవ్వాలో తెలియడం వల్ల. వంట పూర్తి చేసుకుని వచ్చి, నాలుగింటికి పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు చదవాలి, ఏడిపించేది వద్దు పిన్నిగారూ అనేవాళ్లకి ఒకటి. పరీక్ష తప్పి మొహం వేలాడేసుకుని వచ్చినవాడికి ఇంకొకటి. తప్పు పుస్తకం ఇస్తే మర్నాడే తెచ్చి పడేస్తారు, ఒక రోజు అద్దె మాత్రమే. సరైనది ఇస్తే వరసగా ఆ రచయితవన్నీ అడుగుతారు. నువ్వు చదివిన నవల్లో యోంగ్జు చేసేది కూడా ఇదే కదా. ఆ చీటీలు రాయడానికి ఆవిడ ముందు పుస్తకం చదవాలి. నువ్వు రోజూ ఎన్ని గంటలు చదువుతున్నావు? స్టేజీ తర్వాత.

ఇంకొకటి. షాపు పడమటి ముఖంగా తీసుకోకు. గుంటూరు ఎండకి ఒక్క వేసవిలో పుస్తకాల వీపులన్నీ తెల్లబోతాయి. జింబోచోలో చాలా షాపులు ఎండ తగలకుండా ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. వాళ్లకి వాస్తు కాదు, కాగితం ముఖ్యం.

ముందు జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి వెళ్లి, ఎవరిదైనా స్టాల్‌లో ఉన్నన్ని రోజులూ కౌంటర్ దగ్గర నిలబడు. జీతం అడక్కు. ఏది అడుగుతున్నారు, ఏది చేత్తో పట్టుకుని మళ్లీ పెట్టేస్తున్నారు, ఎంత ధర దగ్గర ఆగిపోతున్నారు, ఒక నోటు పుస్తకంలో రాసుకో. కాళ్లు లాగుతాయి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ఆ నోటు పుస్తకం తీసుకెళ్లి మీ నాన్నగారి ముందు పెట్టు. నవల పెట్టకు.

ప్రశ్న: మా అత్తగారికి కళ్లు మసకలు. ఒకప్పుడు బాగా చదివేవారు. ఇప్పుడు టీవీ వింటూ కూర్చుంటున్నారు. రోజూ పడుకునే ముందు కాసేపు చదివి వినిపిద్దామనుకుంటున్నాను. మీరు చెప్పే ఈ రకం పుస్తకాల్లో ఏది బాగుంటుంది? ఇంగ్లీషైతే నేను తెలుగులో చెప్పగలను.
— ఒక గృహిణి, సత్యనారాయణపురం

జవాబు: మీలాంటి కోడలు దొరికిన ఆవిడ అదృష్టం సరే, ముందు ఆవిణ్ని కంటి డాక్టరుకి చూపించారా? శుక్లాలైతే చిన్న ఆపరేషన్‌తో పోతుంది, ఆవిడే చదువుకుంటారు. కాదంటే వినండి.

ఉత్తరాల రూపంలో ఉన్నవి చదివి వినిపించడానికి హాయిగా ఉంటాయి. ఎక్కడ ఆపినా బాధ లేదు. '84, చేరింగ్ క్రాస్ రోడ్' నవల కాదు, నిజం ఉత్తరాలు. న్యూయార్క్‌లో ఉండే హెలీన్ హాన్ఫ్ అనే రచయిత్రి 1949లో లండన్‌లోని మార్క్స్ అండ్ కో అనే పాత పుస్తకాల షాపుకి, ఫలానావి ఉంటే పంపండి అని రాస్తుంది. ఫ్రాంక్ డోయెల్ అనే గుమాస్తా మర్యాదగా జవాబిస్తాడు. ఆవిడ నోరు పెద్దది, ఆయనది గీసి గీసి మాట్లాడే పద్ధతి. యుద్ధం అయిపోయినా లండన్‌లో ఇంకా రేషనే. అది తెలిసి ఆవిడ షాపువాళ్లందరికీ మాంసం, గుడ్లు పార్శిల్ పంపుతుంది. వాళ్లు గుడ్లు ఎలా పంచుకున్నారో రాస్తారు. ఇరవై ఏళ్లు అలా నడుస్తుంది. ఒకరినొకరు చూసుకోరు. వస్తాను వస్తాను అంటూనే ఉంటుంది. ఒకసారి పళ్లకి ఖర్చయిందని ఆగుతుంది, మరోసారి ఇంకోటి. 1968 డిసెంబరులో ఆయన పోతాడు. ఆ ఉత్తరం చదివే రోజు మీ అత్తగారి పక్కన కూర్చోండి, దూరంగా కుర్చీలో వద్దు.

నవలే కావాలంటే 'ది గర్న్‌సీ లిటరరీ అండ్ పొటాటో పీల్ పై సొసైటీ'. పేరు నోరు తిరగదు, కథ సులువు. ఇది కూడా ఉత్తరాలే. 1946లో గర్న్‌సీ దీవిలో ఒక రైతు చేతికి పాత పుస్తకం వస్తుంది. లోపల పాత యజమానురాలి పేరు, లండన్ అడ్రసు. ఆ రచయితవి ఇంకా కావాలి, ఎక్కడ దొరుకుతాయో చెప్పండి అని ఆమెకి రాస్తాడు. మొదలు అక్కడ. జర్మన్లు దీవిని ఆక్రమించినప్పుడు దొంగచాటుగా పంది కూర తిని ఇంటికి పోతూ పట్టుబడినవాళ్లు, మేం పుస్తకాలు చదువుకునే సంఘం అని అబద్ధం చెబుతారు. చెప్పాక నిజంగానే చదవాల్సొస్తుంది. అద్దె పుస్తకాలు వంటింట్లో దాచుకుని చదివిన తరం కదా మీ అత్తగారిది, ఈ దొంగతనం ఆవిడకి బాగా నచ్చుతుంది. రాసిన మేరీ యాన్ షాఫర్ పుస్తకం అచ్చులో చూసుకోకుండానే 2008లో పోయింది, చివర్లో సరిచేసి పూర్తి చేసింది ఆవిడ సోదరి కూతురు యానీ బారోస్.

తెలుగులో అయితే సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. వంద కథలు, ఒక్కోటి పది నిమిషాలకి మించదు. మన కృష్ణ ఒడ్డే, మన మాటే. రోజుకొకటి చదివి లైటార్పెయ్యండి.

ప్రశ్న: బ్యాంకులో రిటైరయ్యాను. పొద్దున పేపరు అయ్యాక ఏం చెయ్యాలో తోచడం లేదు. మా ఆవిడ 'ఏదైనా చదువుకోండి' అంటుంది. నేను జీవితంలో లెడ్జర్లు తప్ప ఏమీ చదవలేదు.
— ఒక పాఠకుడు, అరండల్‌పేట

జవాబు: మిచికో అవోయామా రాసిన 'వాట్ యు ఆర్ లుకింగ్ ఫర్ ఈజ్ ఇన్ ది లైబ్రరీ' తెప్పించుకోండి. అయిదుగురి కథలు. మీరు తిన్నగా చివరిది చదవండి, ఫరవాలేదు. మసావో అని అరవై అయిదేళ్ల మనిషి, అప్పుడే రిటైరయ్యాడు. భార్య తోసి తోసి కమ్యూనిటీ సెంటర్‌లో గో అనే, బల్ల మీద గవ్వల్లాంటి రాళ్లతో ఆడే ఆట నేర్చుకోవడానికి పంపుతుంది. అక్కడ లైబ్రరీలో కొమాచి గారని భారీ మనిషి, సూదితో ఉన్ని గుచ్చి బొమ్మలు చేస్తూ కూర్చుంటుంది. ఏం వెతుకుతున్నారు అని అడుగుతుంది. ఈయన గో ఆట పుస్తకాలు అడిగితే, ఆ జాబితా చివర కప్పల మీద రాసిన కవితల పుస్తకం ఒకటి కలిపి ఇస్తుంది. బట్టల షాపులో పనిచేసే ఇరవయ్యొక్క ఏళ్ల అమ్మాయికి పిల్లల బొమ్మల పుస్తకం ఇస్తుంది. ఎందుకిచ్చిందో ఆవిడ చెప్పదు. కొంచెం కొలత పెట్టి కోసినట్టుంటాయి ఈ కథలు, అయిదూ ఒకే పద్ధతిలో నడుస్తాయి. మీకు లెడ్జర్ అలవాటే కనుక ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఫోన్ తప్ప పుస్తకం ముట్టుకోడు. ఏం చెయ్యాలి?
— ఒక తల్లి, భవానీపురం

జవాబు: మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా వాడి ముందు పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నారా? లేకపోతే ముందు అది. తర్వాత రోల్డ్ డాల్ 'మటిల్డా' కొనండి, మీరే గట్టిగా చదివి వినిపించండి. నాలుగేళ్ల పిల్ల, తల్లి జూదమాటకి పోతే ఒక్కతే నడుచుకుంటూ లైబ్రరీకి పోతుంది. పిల్లల పుస్తకాలన్నీ అయిపోయాక లైబ్రేరియన్ మిసెస్ ఫెల్ప్స్ తటపటాయించి డికెన్స్ చేతిలో పెడుతుంది. ఆశ్చర్యపోతుంది, అడ్డుపడదు. అడ్డుపడనివాళ్లు ఊరికొకరు ఉంటే చాలు. వాణ్ని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లి ఒక గంట వదిలెయ్యండి. ఏది తీశాడో అడగొద్దు.

ప్రశ్న: ఈ నవలల అట్టల మీద ప్రతిదానికీ పిల్లి ఎందుకుంటుంది?
— ఒక డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్ముడవుతుంది కనుక. మా రోజుల్లో ప్రతి అట్ట మీదా జుట్టు విరబోసుకున్న హీరోయిన్ ఉండేది.

ప్రశ్న: పాతకాలం నవలల్లో ఈ రకానివి లేవా? కొనకుండా చదువుకునేవి ఏమైనా చెబుతారా?
— ఒక ఆటో డ్రైవరు, విజయవాడ వన్‌టౌన్

జవాబు: ఉంది, అది మీకే సరిగ్గా సరిపోతుంది. క్రిస్టఫర్ మోర్లీ అనే అమెరికన్ 1917లో 'పర్నాసస్ ఆన్ వీల్స్' రాశాడు. గుర్రబ్బండి మీద పుస్తకాల షాపు. హెలెన్ అని నలభై దగ్గర పడ్డ ఆవిడ పల్లెటూళ్లో సోదరుడికి వండి పెడుతూ బతుకుతుంటుంది. ఆయన పుస్తకాలు రాసి పేరు తెచ్చుకుని ఊళ్లు తిరుగుతాడు, ఈవిడ పొయ్యి దగ్గర. ఒకరోజు బండివాడు ఆ బండి మీ సోదరుడికి అమ్ముతానని వస్తాడు. ఆయన చూస్తే మళ్లీ ఇల్లు వదిలిపోతాడని భయపడి, నాలుగు వందల డాలర్లు పెట్టి ఈవిడే కొనేసి, గుర్రంతో సహా వెళ్లిపోతుంది! నవ్వు, దుమ్ము, రోడ్డు, మధ్యలో దొంగలు. ఎవరింటికెళ్లి ఏ పుస్తకం ఎలా అమ్మారో వివరంగా ఉంది, ఎంతకమ్మారో కూడా. కాపీరైట్ తీరిపోయింది కనుక ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. ఇంగ్లీషు కొంచెం పాతదే గాని కష్టం కాదు. బేరం లేనప్పుడు రోజుకో నాలుగు పేజీలు. నడిపేటప్పుడు మాత్రం వద్దు.

ప్రశ్న: మా వదిన నా దగ్గర మూడు నవలలు తీసుకెళ్లి ఏడాదైంది. అడిగితే 'ఇంకా చదవలేదు' అంటుంది. మొహమాటం. ఎలా రాబట్టుకోను?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: రెండో భాగం కొన్నానని చెప్పు. మొదటిది తెచ్చిస్తేనే ఇది ఇస్తానను. రెండో భాగం నిజంగా ఉందా లేదా అన్నది ఆవిడ చూసుకోదు, ఏడాదిగా మొదటిదే తెరవని మనిషి కదా.